కలరా క్రిమికి పేగులోకి వచ్చానని ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న పొడవుగా ఉంది, తర్వాత చదివేవాళ్ల కోసం కుదించి రాస్తున్నాను. ఎమ్మెస్సీ సెమినార్‌కి కలరా బ్యాక్టీరియాలో జన్యు నియంత్రణ తీసుకున్నారు. సందేహాలు మూడు. నెలల తరబడి నీళ్లలో బతికే ఈ క్రిమి అక్కడ విషం ఎందుకు తయారుచేయదు, మనిషి పేగులోకి వచ్చానని దానికెలా తెలుస్తుంది? గుంపు బాగా పెరిగాకే బ్యాక్టీరియా దాడికి దిగుతుందని పుస్తకంలో ఉంది, కలరాకీ అంతేనా? ఆ స్విచ్‌నే ఆపేసే మందు చేయొచ్చు కదా?

రెండో దానికి జవాబు ముందే చెప్పేస్తాను: కాదు, కలరాలో అది పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. నేను చూసిన సెమినార్లలో ఎక్కువ భాగం టాక్స్‌ఆర్ అనే నియంత్రణ ప్రోటీన్ నుంచి టాక్స్‌టీ అనే ఇంకో నియంత్రణ ప్రోటీన్‌కి ఒక బాణం, టాక్స్‌టీ నుంచి టాక్సిన్‌కి ఇంకో బాణం గీసి ముగించేస్తాయి. తప్పు కాదు, కానీ సగమే. ఈ క్రిమి విషాన్ని ఎప్పుడు మొదలుపెడుతుందో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపి బయటికి నడుస్తుందో అంతకంటే ముఖ్యం. ఊళ్లకు ఊళ్లు గత్తర అంటుకోవడానికి కారణం ఆ రెండో భాగంలోనే ఉంది.

ముందు నీళ్ల సంగతి. విబ్రియో కలరే, అంటే కలరా క్రిమి, సొంతిల్లు మన పేగు కాదు. నదులు సముద్రంలో కలిసే చోట ఉండే ఉప్పు తగిలిన నీళ్లు, అందులో కంటికి ఆనీ ఆనకుండా తిరిగే కోపెపాడ్‌లనే బుల్లి జీవులు, వాటి పెంకులో ఉండే కైటిన్ – ఇదీ దాని కాపురం. పెంకు మీద జిగురు పొర అల్లుకుని, కైటిన్ తింటూ ఉంటుంది. భీమవరం వైపు రొయ్యల రైతులకి విబ్రియో పేరు బాగా అలవాటే. ఆక్వా ల్యాబులో చెరువు నీళ్లిస్తే విబ్రియోలను పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు మీద ఎల్లో కాలనీలు ఇన్ని, గ్రీన్ కాలనీలు ఇన్ని అని రాసిస్తారు. ఆ ఎల్లో అంటే చక్కెరను పులియబెట్టే విబ్రియో అని మాత్రమే. కలరా అని కాదు. అది విబ్రియో కలరేనే అయినా విషం జన్యువులు ఉండకపోవచ్చు. ఉన్నా ఆ నీళ్లలో అవి పని చేస్తూ ఉండవు.

ఎందుకు చేయవంటే, కోపెపాడ్ మీద కూర్చున్న క్రిమికి కలరా టాక్సిన్‌తో పని లేదు. ప్రోటీన్ తయారీ ఖర్చుతో కూడుకున్నది. పైగా ఈ జన్యువులు దానికి పుట్టుకతో వచ్చినవి కావు. టాక్సిన్ జన్యువులు ఒక వైరస్ మోసుకొచ్చినవి. సీటీఎక్స్ అనే ఈ ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే వైరస్) సంగతిని 1996లో వాల్డర్, మెకలానోస్ బయటపెట్టారు. పేగు గోడ దగ్గర గుంపులు కట్టడానికి పనికొచ్చే టీసీపీ అనే నూలుపోగుల్లాంటి పిలస్ కూడా బయటి నుంచి వచ్చిన ఇంకో డీఎన్‌ఏ ముక్కలో ఉంది. ఆ ఫేజ్ క్రిమిలోకి దూరడానికి పట్టుకునేది కూడా ఈ పిలస్‌నే. ఇలా బయటి నుంచి వచ్చిన డీఎన్‌ఏ మీద హెచ్-ఎన్‌ఎస్ అనే ప్రోటీన్ కప్పుకుని కూర్చుని వాటిని నోరెత్తనివ్వదు. అంటే మామూలు స్థితి ఆఫ్. ఆన్ చేయాలంటే ఎవరో ఒకరు హెచ్-ఎన్‌ఎస్‌ను పక్కకు నెట్టాలి. ఆ పని చేసేది టాక్స్‌టీ.

నీళ్లలో దీన్ని ఇంకోటి కూడా వెనక్కి లాగుతూ ఉంటుంది. సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న అణువు. ఇది ఎక్కువగా ఉంటే క్రిమి జిగురు పొర కట్టుకుని ఒకచోట స్థిరపడుతుంది, రోగం తెచ్చే జన్యువులు అణిగి ఉంటాయి. పేగులోకి వచ్చాక ఇది తగ్గాలి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నీళ్లతో పాటు లోపలికి పోయిన క్రిమికి మొదట తగిలేది కడుపులోని యాసిడ్. అక్కడే చాలా భాగం చచ్చిపోతాయి. అమెరికాలో వాలంటీర్ల మీద చేసిన పాత పరీక్షల్లో, ఊరికే నీళ్లలో ఇస్తే పదివేల కోట్ల దాకా క్రిములు కావలసి వచ్చాయి. వంటసోడాతో యాసిడ్‌ను చల్లార్చి ఇస్తే పది లక్షలు చాలాయి. బతికి బయటపడ్డవి చిన్నపేగులోకి వస్తాయి. అక్కడ ఆక్సిజన్ తక్కువ, వేడి 37 డిగ్రీలు, పిత్తరసం ఉంది, గోడ దగ్గర బైకార్బనేట్ ఉంది. వీటిలో ఏ ఒక్కటీ ‘ఇది మనిషి పేగు’ అని చెప్పలేదు. ఎండాకాలం చెరువు అడుగున ఆక్సిజన్ తక్కువే, నీళ్లూ వెచ్చగానే ఉంటాయి. అందుకే ఒక్క సంకేతాన్ని నమ్మకుండా, కొన్ని కలిసొస్తేనే కదులుతుంది.

బ్యాంకు లాకర్‌కి మేనేజర్ తాళం, మన తాళం రెండూ పడాలి కదా, మొదటి మెట్టు అలాంటిదే. యాఫ్-ఏ, యాఫ్-బీ అనే రెండు ప్రోటీన్లు కలిసి పట్టుకుంటేనే టీసీపీ-పీ అనే జన్యువు లేస్తుంది. యాఫ్-బీ చురుగ్గా ఉండాలంటే ఆక్సిజన్ తక్కువ కావాలి. యాఫ్-ఏ తయారవ్వాలంటే చుట్టూ తోటి క్రిములు తక్కువగా ఉండాలి. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం. ఇక్కడ ఒక్క అక్షరం ఎంత తేడా తెస్తుందో చూడండి. పాత కలరా మహమ్మారుల నాటి క్లాసికల్ రకానికీ, 1961లో ఇండోనేషియాలో మొదలై ఇప్పటిదాకా నడుస్తున్న ఏడో మహమ్మారిలోని ఎల్ టార్ రకానికీ టీసీపీ-పీ ముందుండి దాన్ని ఆన్ చేసే ప్రమోటర్ అనే డీఎన్‌ఏ భాగంలో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం వేరు. క్లాసికల్‌లో యాఫ్-బీ అక్కడ గట్టిగా అంటుకుంటుంది, ఎల్ టార్‌లో పట్టు సడలుతుంది. ల్యాబులో ఈ రెండు రకాలూ వేరువేరు కండిషన్లలో విషం చేయడానికి మూలం ఆ అక్షరమే.

తర్వాతి మెట్టు ఆ జన్యువు నుంచి వచ్చే టీసీపీ-పీ ప్రోటీన్, టాక్స్‌ఆర్ కలిసి టాక్స్‌టీని లేపడం. ఈ రెండూ మామూలు నియంత్రణ ప్రోటీన్లలా కణం లోపల తేలుతూ ఉండవు. లోపలి పొరలో పాతుకుని, ఒక చివర బయటి పరిస్థితిని చూస్తూ, ఇంకో చివరతో డీఎన్‌ఏని పట్టుకుంటాయి. పొరను వదలకుండానే జన్యువును ఆన్ చేసే ప్రోటీన్లు బ్యాక్టీరియాలో అరుదు. టాక్స్‌ఆర్ గురించి నాకు బాగా నచ్చే విషయం ఇంకోటి. మిల్లర్, మెకలానోస్ 1984లో దీన్ని టాక్సిన్ నియంత్రకంగానే కనిపెట్టారు, పేరూ అలాగే పెట్టారు. తీరా చూస్తే రోగం తేని సముద్రపు బ్యాక్టీరియాలో కూడా టాక్స్‌ఆర్ ఉంది. లోతు సముద్రంలో బతికే ఫొటోబ్యాక్టీరియం ఒకటి నీటి ఒత్తిడిని బట్టి పొర ప్రోటీన్లు మార్చుకోవడానికి దీన్నే వాడుతుంది. అంటే ఇది పాత ఉద్యోగి. తర్వాత వచ్చిన విషం జన్యువులు దీని కింద చేరాయి. టాక్స్‌టీతో సంబంధం లేకుండానే ఇది పిత్తాన్ని తట్టుకునే పొర ప్రోటీన్‌ను పెంచుతుంది కూడా.

పిత్తరసం దగ్గర కొంచెం ఆగుదాం, సెమినార్‌లో మిమ్మల్ని పట్టుకునేది ఇక్కడే. అందులోని టారోకోలేట్ అనే లవణం తగిలితే రెండు టీసీపీ-పీ అణువులు ఒకదానికొకటి సల్ఫర్ బంధంతో అతుక్కుని చురుగ్గా మారతాయి. అంటే పిత్తం ఆన్ చేస్తోంది. అదే పిత్తంలో ఉండే ఒలిక్, లినోలిక్ లాంటి కొవ్వు ఆమ్లాలు టాక్స్‌టీని ఆపేస్తాయి. 2010లో టాక్స్‌టీ ఆకారాన్ని క్రిస్టల్‌లో చూసినప్పుడు దాని పొట్టలో ఒక కొవ్వు ఆమ్లం ఇరుక్కుని కనిపించింది, అది ఉన్నంతసేపూ టాక్స్‌టీ డీఎన్‌ఏని సరిగ్గా పట్టుకోలేదు. ఒకే రసం ఒక మెట్టును ఆన్ చేసి కింది మెట్టును ఆఫ్ చేయడమేంటని విద్యార్థులు తికమక పడతారు. చోటును బట్టి చూస్తే తికమక పోతుంది. పేగు మధ్యలో పిత్తం నిండుగా ఉంటుంది. అక్కడ క్రిమి టాక్స్‌టీని తయారుచేసి పెట్టుకుంటుంది, కానీ వాడదు. పేగు గోడను కప్పిన జిగురును దాటి గోడ దగ్గరికి ఈదేకొద్దీ కొవ్వు ఆమ్లాలు తగ్గుతాయి, కణాలు వదిలే బైకార్బనేట్ పెరుగుతుంది. బైకార్బనేట్ టాక్స్‌టీకి ఊపునిస్తుంది. విషం సరిగ్గా గోడ పక్కన, అది పనిచేయగల చోటే విడుదలవుతుంది.

వేడి సంగతి వేరు. టాక్స్‌టీ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఒక మడత ఉంటుంది. అందులో వరుసగా నాలుగు ‘యూ’ అక్షరాలు ప్రోటీన్ కట్టే రైబోజోమ్ వచ్చి కూర్చోవాల్సిన చోటును మూసి ఉంచుతాయి. 37 డిగ్రీల దగ్గర ఆ మడత వీడుతుంది. చల్లటి నీళ్లలో పొరపాటున ఆ ఆర్‌ఎన్‌ఏ తయారైనా ప్రోటీన్ పెద్దగా రాదు. 2014లో బయటపడింది ఇది.

ల్యాబులో చేసి చూపించే వీలుంటే ఇదంతా కంటికి కనిపించేలా ఒక ప్రయోగం ఉంది. ఓ395 అనే క్లాసికల్ రకాన్ని ఎల్‌బీ బ్రాత్ అనే మామూలు పోషక ద్రవంలో పీహెచ్ 6.5, 30 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచండి. పొద్దున్నకి ట్యూబు పైభాగం తేటగా, అడుగున మడ్డి పట్టినట్టు ఉంటుంది. పిలస్‌లు వచ్చి క్రిములు ఒకదానికొకటి చిక్కుకుని దిగిపోయాయన్నమాట. అదే రకాన్ని పీహెచ్ 8.5, 37 డిగ్రీల్లో పెంచితే ట్యూబంతా ఒకేలా మసకగా ఉంటుంది. చూశారా, ల్యాబులో 30 డిగ్రీలే ఆన్, శరీరపు వేడి ఆఫ్! అందుకే ట్యూబును పేగు అనుకోకండి. అక్కడ మనం చూసేది చాలా సంకేతాలు కూడి, తీసివేసి మిగిలిన ఫలితం. ఎల్ టార్‌కి ఆ పద్ధతి పనికిరాదు, ఏకేఐ మీడియం అనే వేరే పోషక ద్రవం కావాలి: అప్పటికప్పుడు కలిపిన సోడియం బైకార్బనేట్ వేసి, 37 డిగ్రీల్లో నాలుగు గంటలు ట్యూబును కదపకుండా ఉంచి, ఆ తర్వాత ఫ్లాస్కులో పోసి షేకర్ మీద పెట్టాలి. పాత బైకార్బనేట్ సీసా వాడి ‘టాక్సిన్ రాలేదు’ అని టెన్షన్ పడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఇవన్నీ తగిన భద్రత ఉన్న ల్యాబులో, గైడ్ దగ్గరుండగానే చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

విషం ఏం చేస్తుందో మీ పుస్తకంలోనే ఉంది, క్లుప్తంగా అంటాను. పేగు కణంలోకి దూరి సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును తగ్గకుండా పట్టి ఉంచుతుంది, క్లోరైడ్ బయటికి కారుతుంది, వెంట సోడియం, నీళ్లు. ముదిరితే గంటకి లీటరు దాకా, బియ్యం కడుగులాంటి విరేచనం. క్రిమి లేకుండా దాని వడపోత ద్రవం ఒక్కటే ఈ పని చేయగలదని కుందేలు పేగులో చూపించినవాడు కలకత్తాలో పనిచేసిన శంభునాథ్ డే, 1959లో.

ఇక గుంపు లెక్క. బ్యాక్టీరియా తామెంతమంది ఉన్నామో తెలుసుకోవడానికి చిన్న అణువులను బయటికి వదిలి, వాటి గాఢతను కొలుచుకుంటాయి. దీన్నే కోరమ్ సెన్సింగ్ అంటారు. చాలా రోగకారక బ్యాక్టీరియా సరిపడా బలగం వచ్చేదాకా కాచుకుని అప్పుడు విషం వదులుతాయి, స్టెఫైలోకాకస్ ఆరియస్ అందుకు మంచి ఉదాహరణ. మీ పుస్తకం చెప్పింది వాటి గురించి. కలరాలో సీఏఐ-1, ఏఐ-2 అనే అణువులు తక్కువగా ఉన్నప్పుడు, అంటే క్రిములు పలచగా ఉన్నప్పుడు, నాలుగు బుల్లి ఆర్‌ఎన్‌ఏలు తయారవుతాయి. అవి హ్యాప్‌ఆర్ అనే ప్రోటీన్‌ను పుట్టకముందే ఆపేస్తాయి, యాఫ్-ఏని పెంచుతాయి. యాఫ్-ఏ ఉంటే టీసీపీ-పీ, అక్కడి నుంచి కిందికి మొత్తం వరస. గుంపు చిక్కబడ్డాక ఆ బుల్లి ఆర్‌ఎన్‌ఏలు ఆగిపోతాయి, హ్యాప్‌ఆర్ లేస్తుంది, లేవగానే యాఫ్-ఏ జన్యువును మూసేస్తుంది. రెండు తాళాల్లో ఒకటి పోయింది. పిలస్ ఆగుతుంది, టాక్సిన్ ఆగుతుంది, జిగురు పొర కట్టే జన్యువులూ ఆగుతాయి. అదే సమయంలో హ్యాప్‌ఆర్ ఒక ప్రోటియేజ్‌ను (ప్రోటీన్లను కోసే ఎంజైమ్) వదిలిస్తుంది, అది పేగు జిగురును కోసి క్రిమిని విడిపిస్తుంది. 2002లో బాస్లర్, మెకలానోస్ బృందాలు కలిసి దీన్ని చూపించాయి.

ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు సబబుగా తోచేది ఇది. కలరా రోజుల్లో తేలిపోయే రోగం. పేగులో గుంపు చిక్కబడిందంటే అక్కడ చేయాల్సింది అయిపోయింది, విరేచనం ప్రవాహం సిద్ధంగా ఉంది. ఇంకా గోడను పట్టుకుని వేలాడితే ఆ ప్రవాహంలో పోయే అవకాశం పోతుంది.

పోయేముందు చేసే ఏర్పాట్లు ఇంకా ఆశ్చర్యం. 2006లో కుందేలు పేగులో చూసినదాని ప్రకారం, ఇన్‌ఫెక్షన్ చివర్లో ఆర్‌పీఓఎస్ అనే నియంత్రకం లేచి క్రిములను గోడ నుంచి ఊడదీసి, ఈత జన్యువులను ఆన్ చేస్తుంది. మరుసటి ఏడు ఆండ్రూ కమిల్లి బృందం ఎలుక పిల్లల్లో ఇంకో సంగతి పట్టుకుంది. ఇన్‌ఫెక్షన్ చివర్లో మాత్రమే ఆన్ అయ్యే కొన్ని జన్యువులు పేగులో పెరగడానికి ఏమాత్రం అక్కర్లేదు; వాటిని తీసేస్తే చెరువు నీళ్లలోకి వెళ్లాక క్రిమి తట్టుకోలేదు. కైటిన్ తినే జన్యువులు వాటిలో ఉన్నాయి. పేగులో కైటిన్ ఎక్కడిది? ఇంకా బయటికి రాకముందే బయటి తిండికి సిద్ధమవుతోందన్నమాట. పేగులో దొరికే కార్బన్‌ను గ్లైకోజెన్‌గా దాచుకుని, నీళ్లలో పస్తు రోజుల్లో వాడుకుంటుందని 2009లో తేలింది.

రోగి విరేచనంలో ఒక మిల్లీలీటరుకి కోటి నుంచి పది కోట్ల దాకా క్రిములుంటాయి. వాటిలో టాక్సిన్, పిలస్ జన్యువులు అప్పటికే పడుకున్నాయి. మరి అవి బలహీనపడ్డాయా అంటే లేదు. 2002లో ఢాకా రోగుల నుంచి తీసిన తాజా క్రిములను ల్యాబులో పెంచిన వాటితో పోటీకి పెట్టి ఎలుక పిల్లలకిస్తే, తాజావి 700 రెట్ల దాకా ఎక్కువగా అంటుకున్నాయి. చెరువు నీళ్లలో వేశాక కూడా కొన్ని గంటలు ఆ పదును నిలిచింది. విషం ఆఫ్‌లో ఉండి, అంటుకునే శక్తి పెరగడం – రోగం తీవ్రత, వ్యాప్తి రెండూ ఒకే స్విచ్ మీద లేవనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇంట్లో ఒకరికి కలరా వస్తే మిగతావాళ్లకి ముప్పు ఎక్కువుండేది మొదటి వారం. ఆ వారం తాగే నీళ్లు మరగకాచడం, రోగి బట్టలూ బకెట్టూ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం ఎందుకంత ముఖ్యమో ఈ లెక్క చెబుతుంది. కోపెపాడ్ సంగతికి కూడా ఇలాంటి ఉపయోగం ఉంది: బంగ్లాదేశ్‌లో మత్లబ్ ప్రాంతపు పల్లెల్లో పాత చీరను నాలుగైదు మడతలేసి నీళ్లు వడకట్టిస్తే, కోపెపాడ్‌లు పోయి కలరా దాదాపు సగానికి తగ్గిందని రీటా కోల్వెల్ బృందం 2003లో ప్రచురించింది. మరగకాచడానికి వంటచెరకు లేని ఇళ్లకి అది మేలు, ఉన్న ఇళ్లకి ప్రత్యామ్నాయం కాదు.

మూడో ప్రశ్న: స్విచ్ ఆపే మందు. చేశారు. 2005లో వర్‌స్టాటిన్ అనే చిన్న అణువును కనిపెట్టారు. టాక్స్‌టీ అణువులు జతకట్టకుండా అడ్డుపడుతుంది, క్రిమిని చంపదు, ఎలుక పిల్లల పేగులో దాన్ని నిలవనివ్వలేదు. క్రిమిని చంపని మందుకి నిరోధకత నెమ్మదిగా వస్తుందని ఆశ. నాకు ఆ ఆశ మీద పెద్ద నమ్మకం లేదు, అసలు చిక్కు వేరే ఉంది. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి విషం పేగు కణాల్లోకి దూరిపోయి ఉంటుంది. అప్పుడు జన్యువు ఆపినా కారిపోయే నీళ్లు ఆగవు. ఆ సమయంలో ప్రాణం కాపాడేది ఓఆర్ఎస్, ముదిరితే సెలైన్. క్లోరైడ్ దారి తెరుచుకుపోయినా గ్లూకోజ్‌తో కలిసి సోడియం లోపలికి వెళ్లే దారి చెడలేదు, ఓఆర్ఎస్ ఆ దారి పట్టుకుంటుంది. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలానబీస్ దీన్నే వాడి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 3.6 శాతానికి తెచ్చారు. అవసరమైతే డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్ విరేచనాల రోజుల్ని తగ్గిస్తుంది.

స్విచ్ మందుకి చోటుంటే అది రోగి దగ్గర కాదు, ఇంట్లోని మిగతావాళ్ల దగ్గర, అంటే క్రిమి ఇంకా పలచగా ఉన్న దశలో. ఆ వైపు రెండు దారులు కనిపిస్తున్నాయి. 2010లో సీఏఐ-1 తయారుచేసేలా మార్చిన, హాని చేయని ఈ.కోలై బ్యాక్టీరియాని ఎలుక పిల్లలకి ముందుగా పట్టించారు. గుంపు ఇప్పటికే పెరిగిపోయిందని కలరా క్రిమి మోసపోయి విషం ఆపేసింది, ఎక్కువ పిల్లలు బతికాయి. రెండోది మన పేగులోనే ఉండే బ్లౌషియా ఓబియం అనే బ్యాక్టీరియా. కలరా నుంచి కోలుకుంటున్న బంగ్లాదేశ్ రోగుల్లో ఇది పెరగడం 2014లో గమనించారు. 2020లో తేలినదేంటంటే, ఇది టారోకోలేట్‌ను విరగ్గొడుతుంది. పైన చెప్పిన టీసీపీ-పీ జతకట్టడానికి కావలసిన లవణం అదే కదా.

మొదటి దారికి ఒక అడ్డంకి ఉంది, మీ గైడ్ అడిగితే ఇది చెప్పండి. 2000లో మొత్తం జన్యుక్రమం చదివిన ఎన్16961 రకం బంగ్లాదేశ్ రోగి నుంచి వచ్చిందే, దాని హ్యాప్‌ఆర్ జన్యువు సహజంగానే చెడిపోయి ఉంది. గుంపు సంకేతం ఎంత వినిపించినా అలాంటి రకం దాన్ని పట్టించుకోదు, సీఏఐ-1 మోసం దాని దగ్గర పారదు. కోరమ్ సెన్సింగ్ స్లైడుకి ఆ రకం డేటా వాడుకునేముందు కూడా ఇది చూసుకోండి. వరస అడుగున ఉన్న టాక్స్‌టీని కొట్టే మందుకి ఈ ఇబ్బంది లేదు, పై మెట్లలో ఏది చెడినా పిలస్‌కీ టాక్సిన్‌కీ దారి దాని మీదుగానే.